క్రూజ్‌కు ఎన్ని రోజుల ముందు విమానం ఎక్కాలి?

పాఠకుల ప్రశ్నలు – ప్రయాణం

క్రిస్మస్, సంక్రాంతి సెలవులు దగ్గర పడుతుంటే క్రూజ్ ప్రయాణాల మీద ఉత్తరాలు పెరుగుతున్నాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువమంది అడిగింది ఒక్కటే: ఓడ బయలుదేరే ఊరికి ఎప్పుడు చేరుకోవాలి? విజయవాడ, గుంటూరు వాళ్లకు ఈ లెక్క హైదరాబాద్ వాళ్ల లెక్కలా ఉండదు. మనకు మధ్యలో ఇంకో విమానాశ్రయం తగులుతుంది. అందుకే మొదటి రెండు జవాబులు కాస్త పొడుగ్గా ఇస్తున్నాం.

ప్రశ్న: అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిసి డిసెంబరులో సింగపూర్ నుంచి క్రూజ్‌కు వెళ్తున్నాం. ఓడ శుక్రవారం సాయంత్రం 5 గంటలకు. గురువారం రాత్రి విమానమెక్కితే శుక్రవారం పొద్దున్నే దిగుతారు, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది అంటున్నాడు ఏజెంటు. మావారు సరేనంటున్నారు. నాకే గుండె దడగా ఉంది. నా భయం అనవసరమా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అనవసరం కాదమ్మా. గురువారం రాత్రి విమానం వద్దని చెప్పండి. బుధవారం రాత్రి బయలుదేరి గురువారం పొద్దున్నే సింగపూర్‌లో దిగేలా టికెట్లు తీయించండి.

ముందు ఓడ సంగతి. 5 గంటలకు కదిలే ఓడకు 5 దాకా తలుపులు తెరిచి ఉండవు. ఎవరెవరు ఎక్కారో ఆ జాబితా ఓడ కదలకముందే అధికారులకు అందాలి. అందుకని కంపెనీని బట్టి 60 నుంచి 90 నిమిషాల ముందే చెకిన్ మూసేస్తారు. అంటే మీ గడువు 5 కాదు, 3:30. దానికితోడు బోర్డింగ్ పాస్ మీద మీరు రావాల్సిన వేళ కూడా వేసి ఇస్తారు. అది చాలావరకు మధ్యాహ్నం 12కీ 2కీ మధ్య ఉంటుంది.

ఇక విమానం. హైదరాబాద్ నుంచైనా చెన్నై నుంచైనా సింగపూర్‌కు నాలుగు గంటల పైచిలుకు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి 11:30కి ఎక్కితే వాళ్ల వేళ ప్రకారం ఉదయం 6:15 ప్రాంతంలో దిగుతారు. ఇమిగ్రేషన్, సామాను, టాక్సీ అన్నీ అయ్యేసరికి 8:30 అనుకోండి. 3:30 దాకా ఏడు గంటలు మిగిలాయి. మీ ఏజెంటు చూపించే లెక్క ఇదే. కూడికల్లో తప్పేమీ లేదు, కానీ అతను ఒక ప్రశ్న వేసుకోలేదు: ఈ విమానం తప్పితే మీ ఆరుగురికీ సీట్లున్న తర్వాతి విమానం ఎప్పుడు?

గన్నవరంలో సాయంత్రం విమానం రెండు గంటలు ఆలస్యమైతే చాలు, శంషాబాద్‌లో రాత్రి విమానం వెళ్లిపోతుంది. తర్వాతిది ఎంత తొందరగా ఉన్నా, సెలవుల్లో అందులో ఆరు సీట్లు ఖాళీగా ఉండవు. రెండో మూడో దొరుకుతాయి. ఒంటరిగా వెళ్లేవాడికి ఇబ్బంది లేదు, ఏదో ఒక మూల సీటులో సర్దుకుంటాడు. మీ ఇంట్లో మాత్రం ఎవరు ముందు వెళ్లాలి, పెద్దవాళ్ల దగ్గర ఎవరు ఆగాలి, పిల్లల్ని ఎవరు తీసుకెళ్లాలి అన్నది అర్ధరాత్రి కౌంటర్ దగ్గర నిలబడి తేల్చుకోవాలి. మనుషులు పెరిగేకొద్దీ చేతిలో ఉంచుకునే సమయమూ పెరగాలి. ఇద్దరికి ఒక రాత్రి సరిపోయేచోట ఆరుగురికి ఒక పగలు, ఒక రాత్రి కావాలి.

గన్నవరం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం 2025 నవంబరులో మొదలైంది కదా, దాన్లో వెళ్తే ఈ గొడవే ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. మారే పని లేదు, పెద్దవాళ్లకు హాయి, నిజమే. కానీ అది రోజూ నడిచే విమానంగా మొదలవలేదు, వారంలో కొన్ని రోజులే. మంగళ, గురు, శని అనుకోండి. గురువారం విమానం రద్దయితే తర్వాతిది శనివారం, అప్పటికి ఓడ సముద్రంలో ఉంటుంది. హైదరాబాద్ మీదుగా వెళ్లే గురువారం విమానం తప్పినా ఇంకో దారి వెతుక్కోవచ్చు గానీ, ఇక్కడ అదీ ఉండదు. కాబట్టి నేరు విమానమే కావాలంటే గురువారం వదిలేసి మంగళవారం ఎక్కండి. మంగళవారం తప్పినా గురువారం ఒకటి మిగిలి ఉంటుంది. మీ తేదీలకు ఆ విమానం ఏయే రోజుల్లో ఉందో టికెట్ తీసేముందు చూసుకోండి, షెడ్యూళ్లు సీజన్‌కొకసారి మారుతుంటాయి.

ఇంకో మాట. గన్నవరం నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు వేరే టికెట్ తీస్తే రెండు మూడు వేలు తగ్గుతుందని కొందరు ఏజెంట్లు అలా చేస్తారు. ఒప్పుకోకండి. రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు మిమ్మల్ని గమ్యం చేర్చే పూచీ విమాన సంస్థదే, సామాను కూడా నేరుగా చివరిదాకా పోతుంది. రెండు పీఎన్‌ఆర్‌లైతే రెండో సంస్థ దృష్టిలో మీరు రాలేదంతే. టికెట్ డబ్బు పోతుంది, ఆరుగురికీ అప్పటి ధరకు కొత్త టికెట్లు కొనాలి.

ఖర్చు సంగతి మీవారితో ఎలా మాట్లాడాలని కూడా రాశారు. ఆరుగురి క్రూజ్ మూడు లక్షలు అనుకుందాం. ఓడ తప్పితే అందులో వెనక్కి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. సింగపూర్‌లో రెండు గదులు ఒక రాత్రికి ముప్పై వేలు అయినా, మూడు లక్షల్ని కాపాడుకోవడానికి పదో వంతు పెడుతున్నారు. పైగా ఆ రోజు వృథా ఏమీ పోదు, ఊరు చూస్తారు.

పెద్దవాళ్ల వైపు నుంచి కూడా చూడండి. రాత్రంతా కూర్చుని ప్రయాణం చేసి పొద్దున దిగితే, ఓడలో గది మధ్యాహ్నం 1, 2 గంటల దాకా చేతికి రాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి అన్ని గంటలు కుర్చీల్లోనే గడపాలి. ముందురోజు హోటల్లో పడుకుని, ఉదయం ఇడ్లీయో బ్రెడ్డో తిని, 11 గంటలకు గది ఖాళీ చేసి నెమ్మదిగా టెర్మినల్‌కు వెళ్లడం వేరు.

టెర్మినల్ అంటే గుర్తొచ్చింది. సింగపూర్‌లో క్రూజ్ ఓడలు ఆగే చోట్లు రెండు: మెరీనా బే క్రూజ్ సెంటర్, హార్బర్‌ఫ్రంట్ దగ్గరున్న సింగపూర్ క్రూజ్ సెంటర్. మీది ఏదో బోర్డింగ్ పాస్ మీద చూసి, ఆ పూర్తి పేరే టాక్సీలో చెప్పండి. ఉత్తగా 'మెరీనా బే' అంటే అదే పేరున్న పెద్ద హోటల్ దగ్గర దింపుతారు. మామూలు టాక్సీలో నలుగురే పడతారు. ఆరుగురు, ఆరు పెట్టెలంటే పెద్ద బండి ముందురోజే మాట్లాడుకోవాలి, లేదా రెండు టాక్సీలు.

సామాను చీటీల దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. కంపెనీ ఈమెయిల్‌లో పంపే చీటీని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి, గీతల వెంట మడిచి, పెట్టె పిడికి చుట్టి స్టేప్లర్ కొడతాం. ఉత్త కాగితమైతే బెల్టు మీద చిరిగిపోతుంది. మడిచాక రెండు వైపులా వెడల్పాటి పారదర్శక టేపు అంటించి, అప్పుడు స్టేప్లర్ రెండు చోట్ల కొట్టండి. ఆ ప్రింట్లు విజయవాడలోనే తీసుకోండి, కానీ పిడికి కట్టడం సింగపూర్ హోటల్లో, ఓడ ఎక్కే రోజు పొద్దున. ముందే కడితే విమానంలో ఊడిపోతాయి. టెర్మినల్‌లో ఇచ్చిన పెట్టెలు గది గుమ్మం ముందుకు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. మందులు, కళ్లజోళ్లు, పాస్‌పోర్టులు, పిల్లల ఈత దుస్తులు, రాత్రి వేసుకునే ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె మాత్రం అసలు తీసుకెళ్లకండి. నిప్పు భయంతో ఏ ఓడలోనూ రానివ్వరు, స్కానింగ్‌లో కనబడగానే తీసి పక్కన పెడతారు. ఆ పెట్టె కూడా మీకు ఆలస్యంగా వస్తుంది.

ప్రశ్న: గుంటూరు నుంచి గన్నవరం వెళ్లి విమానం మారడం మేలా, కారులో నేరుగా శంషాబాద్ పోవడం మేలా? చెన్నై మీదుగా అయితే ఎలా ఉంటుంది? మా ప్రయాణం డిసెంబరు చివరి వారంలో.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మామూలు నెలల్లో ఒక సూత్రం చెబుతాం: రోజులో మొదటి విమానం ఎక్కండి, ఆలస్యాలు పగలు గడిచేకొద్దీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి అని. డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరానికి ఇది తిరగబడుతుంది. చుట్టూ పొలాలు, కాలువలు. చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగితే రన్‌వే కనబడదు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చే విమానం గాల్లో చక్కర్లు కొడుతుంది, లేదంటే వెనక్కి మళ్లుతుంది. మీరు ఎక్కాల్సింది ఆ విమానమే. మంచు విడిచేసరికి 9 దాటుతుంది. కాబట్టి ఈ రెండు నెలల్లో గన్నవరంలో ఉదయం 11కీ మధ్యాహ్నం 3కీ మధ్య బయలుదేరే విమానం చూసుకుని, రాత్రి అంతర్జాతీయ విమానానికి శంషాబాద్‌లోనో బెంగళూరులోనో ఆరేడు గంటలు కూర్చున్నా పర్వాలేదనుకోండి. టికెట్ వెబ్‌సైట్ రెండు గంటల వ్యవధితో కలిపి చూపించే సాయంత్రం జతను ఎంచుకోకండి.

కారు సంగతి. విజయవాడ నుంచి పెద్ద అంబర్‌పేట దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్. నగరంలోకి పోనక్కర్లేదు. మామూలు రోజున విజయవాడ నుంచి ఐదు, ఐదున్నర గంటలు, గుంటూరు నుంచి ఇంకో ముప్పావు గంట. కానీ మామూలు రోజు లెక్క క్రూజ్‌కు పనికిరాదు. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి – నాలుగు టోల్ ప్లాజాలు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు హైదరాబాద్ నుంచి మనవైపు, కనుమ దాటాక మనవైపు నుంచి హైదరాబాద్‌కు ఈ రోడ్డంతా బండ్లే. చౌటుప్పల్ దగ్గర పంతంగిలో బారులు తీరి ఉంటాయి. చెకిన్ కౌంటర్ సాధారణంగా విమానానికి గంట ముందు మూసేస్తారు, మీరు మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. రాత్రి 11:30 విమానానికి గుంటూరులో మధ్యాహ్నం 12 లోపు కదలండి. పండగ వారమైతే ఉదయం 9కే. డ్రైవరుకు రెండో దారి కూడా తెలిసి ఉండాలి: సత్తెనపల్లి, పిడుగురాళ్ల, దాచేపల్లి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా నార్కట్‌పల్లి. కోదాడ, సూర్యాపేట వైపు ఆగిపోయినా ఇది కదులుతుంది, కాకపోతే నార్కట్‌పల్లి నుంచి మళ్లీ అదే హైవే ఎక్కాలి. వానాకాలంలో వెళ్లేవాళ్లు 2024 సెప్టెంబరు మొదటి రోజులు గుర్తు పెట్టుకోవాలి. నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి, అటు పట్టాలు కొట్టుకుపోయి రైళ్లూ ఆగాయి. అలాంటి వారంలో ఓడ ఎక్కాల్సినవాళ్లు రెండు రోజుల ముందే హైదరాబాద్ చేరి ఉండాలి.

చెన్నై మీదుగా అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా మా మాట వద్దనే. అది తుపాన్ల కాలం. 2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చినప్పుడు 4వ తేదీన చెన్నై విమానాశ్రయం నీళ్లతో మూతపడింది, మర్నాడు అదే తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే మనం బయలుదేరే చోటు, మారే చోటు రెండూ ఒకే తుపాను దారిలో ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు తీరానికి దూరం. డిసెంబరు చివరి వారానికి ఆ ముప్పు తగ్గుతుంది కాబట్టి, మీకు చెన్నైలోనే మంచి వేళలు దొరికితే వెళ్లవచ్చు. విజయవాడ నుంచి రైలు ఉండటం చెన్నైకి ఒక బలం. గన్నవరంలో మంచు పట్టినా రైలు నడుస్తుంది. అయితే రైల్లో పోయేటట్లయితే చెన్నై నుంచే విమానం టికెట్ తీయండి.

ఈ చివరి వాక్యం ఎందుకన్నామో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకు ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. మీ టికెట్ గన్నవరం–హైదరాబాద్–సింగపూర్ అని ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంది. గన్నవరం విమానం ఆలస్యమని తెలిసి, మంచి ఆలోచనే కదా అని కారులో శంషాబాద్ చేరారు. అక్కడ కౌంటర్‌లో మీ టికెట్ రద్దయిందంటారు. మొదటి ముక్క ఎక్కకపోతే మిగతా ముక్కలు, తిరుగు ప్రయాణంతో సహా, కంప్యూటర్ తనంతట తనే కొట్టేస్తుంది. కారు ఎక్కేముందే విమాన సంస్థకు ఫోన్ చేసి, గన్నవరం ముక్క తీసేసి హైదరాబాద్ నుంచి ఎక్కేటట్లు టికెట్ మార్పించుకోవాలి. మార్చిన టికెట్ ఈమెయిల్‌లో వచ్చాకే ఇల్లు కదలండి. ఫోన్‌లో 'సరే సార్' అన్నమాట చాలదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వేసవిలో మమ్మల్ని ఫ్లోరిడా నుంచి క్రూజ్‌కు తీసుకెళ్తానంటున్నాడు. మేము నేరుగా ఓర్లాండో వచ్చేస్తే రెండు రోజుల ముందు సరిపోతుందా? ఇద్దరికీ అరవై దాటాయి, ఆయనకు షుగర్.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నేరుగా ఓర్లాండో వద్దమ్మా. ముందు డాలస్ వెళ్లి అబ్బాయి ఇంట్లో కనీసం వారం ఉండండి. అక్కణ్నుంచి అందరూ కలిసి ఓడకు ముందురోజు ఓర్లాండోకు వెళ్లండి. వేసవిలో ఫ్లోరిడా గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, డాలస్‌ది పదిన్నర. పగలు రాత్రి తారుమారవుతాయి. రోజుకొక గంట చొప్పున సర్దుకుంటుందనుకున్నా పూర్తిగా కుదుటపడటానికి వారం పైనే. మొదటి మూడు రోజులు మధ్యాహ్నం మూడింటికే నిద్ర ముంచుకొస్తుంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఓడలో ఆ మూడు రోజులూ అలా పోతే డబ్బు పెట్టి వెళ్లినట్టు ఉండదు. మీవారు ఇన్సులిన్ వేసుకుంటుంటే, ప్రయాణం రోజు ఏ గడియారం ప్రకారం ఎంత వేసుకోవాలో ఇక్కడే డాక్టర్ గారితో కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, కింద సామానులో గడ్డకట్టవచ్చు.

ఏ కారణం చేతైనా నేరుగానే వెళ్లాల్సివస్తే మూడు పూర్తి రోజులు ముందు దిగండి. మన ఊళ్ల నుంచి అమెరికాకు రెండు, మూడు విమానాలు మారాలి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్. సామానుకు చివరి ఊరి చీటీ ఉన్నా సాధారణంగా అక్కడే బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. దానికి రెండు గంటలు చాలవు, మూడున్నర గంటల వ్యవధి ఉండేలా టికెట్ తీయమనండి. పెట్టె ఒకటి వెనకబడితే వచ్చేది మర్నాడు, ఒక్కోసారి మూడో రోజు. ఓడ వెళ్లిపోయాక ఆ పెట్టె మీ వెనకాల దీవులకు రాదు.

'ఓర్లాండో నుంచి క్రూజ్' అంటారు గానీ ఓర్లాండోలో సముద్రం లేదు. ఓడ ఉండేది పోర్ట్ కెనావెరల్‌లో, విమానాశ్రయం నుంచి 70 కిలోమీటర్ల పైన. అదే మయామీ అయితే విమానాశ్రయానికీ రేవుకూ పదిహేను కిలోమీటర్ల లోపే. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఇంకా దగ్గర. డాలస్ వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది, అబ్బాయికి చెప్పండి: గాల్వెస్టన్ రేవు. హ్యూస్టన్ అవతల, డాలస్ నుంచి కారులోనే ఐదు గంటల ప్రయాణం. విమానమే అక్కర్లేదు. అయినా ముందురోజే వెళ్లి గాల్వెస్టన్‌లో పడుకోండి. హ్యూస్టన్ ట్రాఫిక్ దాటుకుని అదే రోజు చేరుదామనుకోవద్దు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అట్లాంటిక్ హరికేన్ సీజన్, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉధృతం. ఆ నెలలు తప్పించి మే నెల చూసుకుంటే మంచిది.

ఒకవేళ అబ్బాయి మనసు మార్చుకుని అలాస్కా అంటే, సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు కూడా మామూలుగా కెనడాలో, చాలావరకు విక్టోరియాలో, ఒకసారి ఆగుతాయి. భారత పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఒక్కటే అక్కడ సరిపోదు, కెనడా వీసా వేరే తీసుకోవాలి. అది లేకపోతే సియాటిల్ రేవులోనే ఆపేస్తారు. ముందే ఎన్ని రోజులకు చేరినా ఉపయోగం ఉండదు.

ప్రశ్న: సింగపూర్ వీసా వచ్చింది. ముందురోజు చేరి, ఓడలో మలేసియా, థాయ్‌లాండ్ వెళ్లి మళ్లీ సింగపూర్ వస్తాం. ఇంకేమైనా కావాలా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: వీసా కాగితంలో ఎన్ని ప్రవేశాలో రాసి ఉన్న గడి చూడండి. మల్టిపుల్ అని ఉండాలి. మీరు విమానంలో దిగడం ఒక ప్రవేశం, ఓడలో తిరిగి రావడం రెండోది. సింగిల్ అని ఉంటే ఓడ ఎక్కేటప్పుడే అభ్యంతరం పెడతారు.

సింగపూర్ అరైవల్ కార్డు చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి రుసుము లేదు, డబ్బులు అడిగితే అది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదు. విమానంలో వచ్చినప్పుడు ఒకసారి, ఓడలో తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి నింపాలి. ఆ రెండోదే అందరూ మరిచిపోతారు. సముద్రం మీద ఇంటర్నెట్ ఖరీదు కాబట్టి, తిరిగి చేరే తేదీకి మూడు రోజుల గడువు ఎప్పుడు మొదలవుతుందో లెక్కేసి, రేవులో ఆగినప్పుడు పూర్తి చేయండి. మలేసియా, థాయ్‌లాండ్‌లకూ ఇలాంటి ఆన్‌లైన్ కార్డులున్నాయి. వీసా మినహాయింపుల నియమాలు ఏటా మారుతున్నాయి, అందుకని బయలుదేరే వారంలో క్రూజ్ కంపెనీ పంపే పత్రం చూసి అవి నింపండి. పాస్‌పోర్టు గడువు ప్రయాణం ముగిసిన రోజు నుంచి ఇంకా ఆరు నెలలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లవే, ముందు అవి చూడండి.

ప్రశ్న: అన్నీ చేశాక కూడా విమానం ఆలస్యమై ఓడ తప్పేలా ఉంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: తప్పేలా ఉందని తెలిసిన నిమిషంలోనే, ఇంకా విమానాశ్రయంలో ఉండగానే, క్రూజ్ కంపెనీ అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. అది బోర్డింగ్ పాస్ మీదే ఉంటుంది, ఇద్దరు ముగ్గురి ఫోన్లలో రాసిపెట్టుకోండి. బుకింగ్ నంబరు, విమానం నంబరు, చేరే వేళ చెప్పండి. ఒకే విమానంలో ఆ ఓడవాళ్లు చాలామంది ఉంటే కాసేపు ఆగే అవకాశం కొంత ఉంటుంది, ఒక్క కుటుంబం కోసం ఆగదు. ఓడ ఆగినంతసేపూ రేవు అద్దె, తర్వాతి రేవులో చోటు అన్నీ కదులుతాయి.

తర్వాతి రేవులో ఎక్కుతామంటే రెండు షరతులు: కంపెనీ ఒప్పుకోవాలి, ఆ దేశంలో విమానంలో దిగడానికి మీకు పత్రాలు ఉండాలి. ఓడలో వచ్చేవాళ్లకు ఇచ్చే సడలింపు విమానంలో దిగేవాళ్లకు వర్తించకపోవచ్చు. అమెరికాలో అయితే చట్టం కూడా అడ్డం వస్తుంది. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న వాళ్లను దూర దేశపు రేవు తాకకుండా ఇంకో అమెరికా రేవులో దింపకూడదని 1886 నాటి చట్టం. ఇలాంటి కారణాల వల్ల మధ్యలో ఎక్కడం అన్నిచోట్లా కుదరదు.

విమాన సంస్థ నుంచి క్రూజ్ డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోకండి. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం ఆలస్యానికి భోజనం, ఆరు గంటలు దాటితే వేరే విమానం లేదా డబ్బు వాపసు. 24 గంటల ముందైనా చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయలు, లేదా మూల చార్జీతో ఇంధన చార్జీ – ఏది తక్కువైతే అది. పొగమంచు, తుపాను కారణమైతే ఆ పరిహారమూ లేదు. 2025 డిసెంబరు మొదట్లో పైలట్ల డ్యూటీ గంటల నిబంధనల వల్ల దేశమంతా విమానాలు కుప్పలుగా రద్దయినప్పుడు చాలామందికి టికెట్ డబ్బు వచ్చింది. హోటళ్లకు, పెళ్లిళ్లకు, టూర్లకు కట్టిన డబ్బు ఎవరికి వారే చూసుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ప్రయాణ బీమా తీసుకోండి, తీసుకునేముందు మూడు విషయాలు అడగండి. 'మిస్డ్ కనెక్షన్'లో ఓడ కూడా వస్తుందా, విమానాలు మాత్రమేనా? ఎన్ని గంటల ఆలస్యం దాటితే వర్తిస్తుంది? రెండు వేర్వేరు టికెట్లైతే వర్తిస్తుందా? జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. క్లెయిమ్‌కు కావాల్సింది విమాన సంస్థ ఇచ్చే ఆలస్య ధ్రువపత్రం. అది విమానాశ్రయంలో ఉండగానే అడిగి తీసుకోండి, ఇంటికొచ్చాక తెప్పించుకోవడం చాలా కష్టం. బోర్డింగ్ పాస్ ముక్కలు, సామాను చీటీలు పారేయకండి. పెట్టె రాకపోతే అరైవల్ హాలు దాటకముందే పీఐఆర్ కాగితం (సామాను రాలేదని విమాన సంస్థ దగ్గర నమోదు చేయించే ఫిర్యాదు) రాయించండి, ఓడ పేరు, రేవులు, తేదీలు అందులో వేయించండి.

ప్రశ్న: విశాఖ నుంచో ముంబయి నుంచో క్రూజ్ ఎక్కితే కూడా ముందురోజే వెళ్లాలా?
– ఒక పాఠకుడు, గుణదల, విజయవాడ

జవాబు: విశాఖ అయితే ఓడ సాయంత్రమైనా ముందురోజు వెళ్లడమే మంచిది. 350 కిలోమీటర్లు, రైల్లో ఆరు గంటల వరకు. ఉదయం మొదటి రైలు ఆలస్యమైతే రోడ్డు మీద పోవడానికి మీకు టైము మిగలదు. పెద్దవాళ్లు లేకుండా ఇద్దరే వెళ్తుంటే, ఓడ రాత్రికైతే, పొద్దున రైలుకు పోవచ్చు.

ముంబయికి గన్నవరం నుంచి నేరు విమానం దొరికినా ముందురోజే. టికెట్ మీద ఏ విమానాశ్రయమో చూడండి: 2025 డిసెంబరు 25 నుంచి నవీ ముంబయి విమానాశ్రయం కూడా నడుస్తోంది. క్రూజ్ టెర్మినల్ దక్షిణ ముంబయిలో బల్లార్డ్ పియర్ దగ్గర. పాత విమానాశ్రయం నుంచి పాతిక కిలోమీటర్లే అయినా సాయంత్రం వేళ కారులో రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. దేశంలోనే తిరిగే క్రూజ్ అయినా గుర్తింపు కార్డు అసలుది ఉండాలి, జిరాక్సు చెల్లదు.

ప్రశ్న: మా పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. క్రూజ్ బుకింగ్‌లో ఒకలా, విమానం టికెట్‌లో ఇంకోలా పడింది. ఇబ్బందా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: ఇబ్బందే, ఇప్పుడే సరిచేయించండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. పై వరుసలో దేశం కోడ్ తర్వాత ముందు వచ్చేది ఇంటిపేరు, జంట బాణం గుర్తుల తర్వాత వచ్చేది సొంత పేరు. రెండు బుకింగ్‌లూ దాని ప్రకారం ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ల పేరు ఎలా నింపాలో ఒక్కో సంస్థ పద్ధతి ఒక్కోలా ఉంటుంది. రెండు చోట్లా అడిగి, ఆ జవాబు రాతపూర్వకంగా దగ్గర పెట్టుకోండి. చెకిన్ తెరిచాక మార్పులు చేయడం కష్టం, కొన్నిసార్లు కొత్త టికెట్ ధర అడుగుతారు. కనీసం రెండు వారాల ముందు పూర్తి చేయండి.

ప్రశ్న: తిరుగు ప్రయాణంలో ఓడ ఉదయం 7 గంటలకు సింగపూర్ చేరుతుంది. 10:15 విమానానికి టికెట్ తీయవచ్చా?
– ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: తీయకండి. 7 అంటే ఓడ రేవుకు ఆనే వేళ, మీరు దిగే వేళ కాదు. అధికారులు అనుమతించాక, ముందురోజు రాత్రి ఇచ్చిన రంగు చీటీల వరసలో దించుతారు. మీ వంతు 8:30 దాటవచ్చు, ఆపైన సామాను హాలు, ఇమిగ్రేషన్, టాక్సీ. 10:15 విమానానికి కౌంటర్ 9:15కే మూస్తారు. మధ్యాహ్నం 1 తర్వాత విమానం తీసుకోండి. అంతకుముందే తప్పనిసరైతే, ఓడ దిగే ముందురోజు గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో సామాను మేమే మోసుకుంటామని చెప్పండి, ముందు దించుతారు. అప్పుడు రాత్రి పెట్టెలు గుమ్మం బయట పెట్టకూడదు, అన్నీ చేత్తో పట్టుకుని దిగాలి. పిల్లలతో, పెద్దవాళ్లతో ఉంటే మనిషికొక చక్రాల పెట్టె మించకుండా ఇక్కడే సర్దుకుని వెళ్లండి.